గొర్రె లేని గోరింటాకు

కిర్యత్ గాత్,
22 ఫిబ్రవరి 1971

గౌరవనీయులైన బద్రా వదినగారికి,

మీకూ సాలెమ్ అన్నయ్యగారికీ శాంతి, ఆరోగ్యం కలగాలని కోరుకుంటూ హనీనా రాస్తున్నది. మొన్న మీరు వచ్చి మా ఒర్ణాను మీ జఖర్యాకు అడిగి వెళ్ళాక, కప్పులు కడుగుతుంటే ఒక సంగతి తట్టింది. మనం అంతసేపు కూర్చుని వానల గురించీ, బస్సుల గురించీ, మీ ఆవు గురించీ, మా మెట్ల గురించీ మాట్లాడుకున్నాం గాని, గోరింటాకు వేడుక ఊసే ఎత్తలేదు.

టెలిఫోను కోసం దరఖాస్తు ఎప్పుడో పెట్టాం. మొన్న అడగబోతే పోస్టాఫీసతను "ఓపిక పట్టమ్మా, మనవలతో మాట్లాడుకుందువు గాని" అన్నాడు. పోనీ జఖర్యాతో కబురు పంపుదామంటే, అతని పాలబండి మీద ఉన్న నమ్మకం అతని కబురు మీద లేదు. అమ్మ ఏమన్నారు బాబూ అని అడిగితే "అంతా బాగుంది అత్తయ్యా" అంటాడు. మీ దగ్గర నా గురించి కూడా అదే మాట అంటున్నాడని ఒర్ణా చెప్పింది. కాబట్టి ఉత్తరమే మేలు.

మా మొరాకో వాళ్ళలో గోరింటాకు పెళ్ళికూతురి ఇంట్లో జరుగుతుంది. పెళ్ళి జూన్ పదిహేను కాబట్టి అంతకు వారం ముందు అనుకుంటున్నాం. మా అమ్మమ్మ నాటి జరీ మఖమల్ దుస్తులు ఒర్ణాకు వేస్తాం. ఏ పళ్ళెంలో ఏది పెట్టాలో ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. అక్రోటు కూరిన ఖర్జూరాలు, బాదం ముద్దతో చేసిన పళ్ళ బొమ్మలు, తేనెలో ముంచిన బాదం చుట్టలు, అప్పటికప్పుడు నూనెలో వేయించే స్ఫెంజ్ గారెలు, పుదీనా టీ. భోజనానికి ఎండు ఆల్‌బుఖారా వేసి వండిన గొర్రె మాంసం, గోధుమ రవ్వను ఆవిరి మీద ఉడికించిన కుస్కుస్. గొర్రె సంగతి నేను చూసుకుంటానని మా వారు మఖ్లూఫ్ అన్నారు. గొర్రె లేకపోతే ఆడపిల్ల తండ్రికి తలెత్తుకునే వీలుండదని ఆయన నమ్మకం.

మీ యెమెన్ వాళ్ళ పద్ధతులు నాకు తెలియవు. మీరు ఏదైనా తేవాలనుకుంటే తప్పకుండా తీసుకురండి. ఇది మీ ఇల్లే అనుకోండి.

మీ
హనీనా వకనీన్

•

గెదెరా దగ్గర, మా ఊరు
14 మార్చి

హనీనా వదినగారికి,

బద్రా రాస్తున్నది. నా చేత్తోనే. నిరుడు చలికాలం సైన్యం పంపిన పిల్ల ఒకతి వచ్చి ఊళ్ళో ఆడవాళ్ళకు చదువు నేర్పింది. ఇది నా మూడో ఉత్తరం. మొదటి రెండూ ఆ పిల్ల దిద్దడానికి రాసినవే. తప్పులుంటే చదవకుండా దాటిపోండి.

మా వాళ్ళలో గోరింటాకు కలిపేది పెళ్ళికొడుకు తల్లి. కలిపి, పెద్ద గిన్నెలో పెట్టి, చుట్టూ కొవ్వొత్తులు, సదాప కొమ్మలు, కోడిగుడ్లు అమర్చి, నెత్తిన పెట్టుకుని పాడుతూ వస్తాం. కాబట్టి గోరింటాకు మీరు కలపకండి. అది నా పని.

రొట్టె కూడా నాదే. కుబానె రొట్టె. మూత బిగించిన గిన్నెలో సన్న సెగ మీద, నెయ్యిలో నెమ్మదిగా కాలుతుంది. ఆ నెయ్యి కొట్లో దొరికేది కాదు. మా ఆవు హనుక్కా దీపాల పండుగప్పుడు ఈనింది. ఆ రోజు నుంచి మీగడ తీసి పక్కన పెడుతున్నాను. వెన్న కాచి, మెంతులు వేసి, కుండకు పొగబెట్టి ఉంచాను. సాలెమ్ వేలు పెట్టబోతే చెయ్యి మీద కొట్టాను. "పాతికేళ్ళ కాపురంలో ఒక్క చెంచా దక్కదా?" అన్నాడు. కొడుకు గోరింటాకు దాకా దక్కదన్నాను. పాతికేళ్ళు ఇంకా కాలేదని కూడా అన్నాను.

ఎంతమంది వస్తారో రాయండి. ఆ లెక్కన పిండి కలుపుతాను.

బద్రా

•

కిర్యత్ గాత్,
24 మార్చి

బద్రా వదినగారికి,

పస్కా పండుగ ముంచుకొస్తోంది. అల్మారాలన్నీ నడిమింట్లో ఉన్నాయి, నేను నిచ్చెన మీద ఉన్నాను. తొందరలో రాస్తున్నాను, మన్నించండి.

దయచేసి రొట్టె తేకండి. మా బల్ల మీద గొర్రె మాంసం ఉంటుంది. మీది నెయ్యి రొట్టె. పాలూ మాంసమూ ఒకచోట కలవకూడదని మీకు నేను చెప్పేదేముంది? మాంసం తిన్నవాళ్ళు ఆరు గంటలు ఆగాలి గదా. ఆ రొట్టె ముట్టుకోవాలంటే అతిథులంతా తెల్లవారేదాకా మా మెట్ల మీద కూర్చోవాలి. పైగా మెంతి నెయ్యి వాసన ఒకసారి పట్టిందంటే కర్టెన్లను వదలదని మా తామో అక్క అంటోంది. ఆమె పక్కింట్లో యెమెన్ వాళ్ళుంటారు.

గోరింటాకు కూడా మా వాళ్ళలో వంశంలో పెద్ద ముత్తైదువ గులాబీ నీళ్ళతో కలుపుతుంది. ఈసారి అది తామో అక్క వంతు. మీరు కలిపింది పక్కన పెడదాం, ఎవరికైనా కావాలంటే పెట్టుకుంటారు.

మీరేమీ శ్రమపడకండి. ఉత్త చేతులతో రండి, మాకు అదే పదివేలు.

మీ
హనీనా

•

19 ఏప్రిల్

శ్రీమతి వకనీన్ గారికి,

మీ ఉత్తరం అందింది. పండుగ వెళ్ళాక జవాబు రాస్తున్నాను, పండుగలో కోపం పనికిరాదని.

పాలూ మాంసమూ కలవకూడదని నాకు తెలుసు. మా తాత మా ఊరికి ధర్మం ప్రకారం పశువులను కోసిపెట్టేవాడు. ఆయన కత్తికి నొక్కు పడిందేమోనని గోటితో గీరి చూసి ధర్మశాస్త్రం నేర్చుకున్న ఇల్లు మాది. మాంసం సంగతి మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. అది చూసి కూడా రొట్టె సంగతి రాసింది నేనే, ఆ తప్పు నాది. సంతోషంలో చూసుకోలేదు.

కానీ కర్టెన్ల సంగతి ధర్మశాస్త్రంలో లేదు.

గోరింటాకుకు సాలెమ్, జఖర్యా, మా మగవాళ్ళు వస్తారు. మా ఇంట్లో ఆవు ఉంది. సాయంత్రం పాలు పితకడానికి ఒకరు ఉండాలి. నేను ఉంటాను.

బద్రా ఖరావానీ

•

కిర్యత్ గాత్,
28 ఏప్రిల్

వదినగారూ,

మీ ఉత్తరం ఒర్ణా చేతికి ముందు అందింది. చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "అత్తయ్య రాని గోరింటాకు నాకెందుకు? చేతులు తెల్లగానే పెళ్ళి చేసుకుంటాను" అంది. జఖర్యాను పిలిచి అడిగితే మొదటిసారి "అంతా బాగుంది" అనలేదు. తల వంచుకుని టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. మఖ్లూఫ్ మాత్రం "ఆవు కోసం పెళ్ళికొడుకు తల్లి ఆగిపోవడమా? ఆవును కూడా తీసుకురమ్మను, నాలుగో అంతస్తుకు నేను మోస్తాను" అంటూ తిరుగుతున్నారు.

నేను రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. మీరు రొట్టె తీసుకురండి, తప్పకుండా. నెయ్యికి బదులు మార్జరిన్ వేయండి. అది నూనెతో చేసేది, అందులో పాలు ఉండవు కాబట్టి మాంసం పక్కన పెట్టుకోవచ్చు. రుచి తేడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు అన్ని బేకరీల్లోనూ దానితోనే చేస్తున్నారు.

జఖర్యాతో బాదం బొమ్మలు ఒక పెట్టె పంపుతున్నాను. ఆకుపచ్చవి ఒర్ణా చేసింది.

వస్తానని ఒక్క మాట రాయండి.

హనీనా

•

9 మే

వదినగారికి,

మార్జరిన్.

ఆ మాట చదివి ఉత్తరం మడిచి కోడిగూడు మీద పెట్టి వచ్చాను. మళ్ళీ తెచ్చుకుని చదివాను. మీరు ఎగతాళికి రాయలేదు, నిజంగా సాయం చేస్తున్నాననుకుని రాశారు. అది అర్థమయ్యాక కోపం దిగింది. దిగాక ఏం మిగిలిందో రాస్తున్నాను.

నా పెళ్ళి ఏడెన్‌లో జరిగింది. విమానం కోసం కాచుకున్న శిబిరంలో, ఇసుకలో, గుడారంలో. సనా పక్క పల్లె నుంచి నడిచి వచ్చాం. పెళ్ళి కాని పిల్లను వెంటబెట్టుకుని కొత్త దేశానికి పోవడం దేనికని మా నాన్న అక్కడే సాలెమ్‌కు ఇచ్చి చేశాడు. గోరింటాకు లేదు. తల మీద ముత్యాల కిరీటం లేదు, దాన్ని దారిలో ఎవరికో ఇచ్చేశాం. రొట్టె లేదు. బిస్కెట్లు పంచారు. మా అమ్మ నా అరచేతులు పట్టుకుని చూసి, "నీ కొడుక్కి చేద్దువులే, అప్పుడు నేను కలుపుతాను" అంది. ఆమె ఇక్కడికి వచ్చిన రెండో చలికాలం పోయింది. నాకు ఒక్కడే కొడుకు.

అందుకని ఆ నెయ్యి. వాసన కోసం కాదు.

చెబితే మెత్తగా ఉండేది, నేను రాస్తే గట్టిగా వస్తోంది. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ, ఉన్నవీ గట్టివే. మీ ఇంటి పద్ధతి మీరు చేసుకోండి. నేను వస్తాను, ఉత్త చేతులతోనే వస్తాను. ఒక పక్కన కూర్చుంటాను. నెయ్యి ఊళ్ళో వాళ్ళకు పంచుతాను. ఒర్ణాను ఏడవద్దనండి.

బాదం బొమ్మలు బాగున్నాయట. నేను ఇల్లు చేరేసరికి సాలెమ్ అన్నీ తినేశాడు. ఆకుపచ్చవి ముందు తిన్నాడు.

బద్రా

•

కిర్యత్ గాత్,
18 మే

బద్రా వదినా,

"గారు" ఈ ఉత్తరంలో తీసేశాను. కావాలంటే జవాబులో తిరిగి పెట్టండి.

మీ ఉత్తరం చదివి మెట్ల కింది గదిలోకి వెళ్ళాను. అక్కడ పాత పరుపుల వెనక ఒక కుండ ఉంది. ఒర్ణా మా కొండ ఊళ్ళో పుట్టిన రోజున మా అమ్మ వెన్నలో ఉప్పు కలిపి ఆ కుండలో వేసి, మైనంతో మూత బిగించింది. ఆ కొండల్లో అది అందరి అలవాటు. ఆడపిల్ల పుడితే వెన్న దాస్తారు, పెళ్ళినాడు తీస్తారు. మేం ఓడ ఎక్కినప్పుడు ఒర్ణా ఒక చంకలో, కుండ ఒక చంకలో. హైఫా రేవులో అధికారి మూత కొంచెం ఎత్తి చూసి, వెంటనే మూసి, "వెళ్ళండమ్మా, వెళ్ళండి" అని ముద్ర కొట్టేశాడు. ఆ వాసనకు మఖ్లూఫ్ దాన్ని ఇంట్లో ఉండనివ్వక మెట్ల కిందకు చేర్చారు. ఈ ఊళ్ళో గోరింటాకు అంటే గొర్రె. గొర్రె ఉంటే వెన్నకు చోటు లేదు. అలా ఇన్నేళ్ళలో నేనే దాన్ని మరిచిపోయాను. ఇరవయ్యేళ్ళ వెన్నను మెట్ల కింద పెట్టుకుని మీ నెయ్యికి కర్టెన్ల మాట రాశాను. తామో అక్క మాటే అయినా కాగితం మీద పెట్టింది నా చెయ్యి.

ఇప్పుడు వినండి. వారాల పండుగ మే ముప్పై. ఆ పండుగకు దేశమంతా పాలవంటలే. మరునాడు సోమవారం సాయంత్రం గోరింటాకు పెట్టుకుంటే మాంసం ఏదని ఒక్కరూ అడగరు. పండుగ రుచి ఇంకా నోట్లోనే ఉంటుంది. గొర్రెను తీసేస్తున్నాను. కుస్కుస్‌లో వెన్న, పచ్చి చిక్కుళ్ళు, పక్కన చల్లని మజ్జిగ. బాదం మిఠాయిలు ఎలాగూ ఉన్నాయి. నడిబల్ల మీద మీ కుబానె. నెయ్యితో. మార్జరిన్ వేశారని తెలిస్తే మెట్ల మీద నుంచే పంపేస్తాను.

మఖ్లూఫ్ ఒప్పుకోవడానికి మూడు పూటలు పట్టింది.

"గొర్రె లేని గోరింటాకా! ఊళ్ళో ఏమనుకుంటారు? మఖ్లూఫ్‌కు గతి లేదంటారు!"

"గొర్రె పెళ్ళికి ఉంటుందిలే. రెండు వారాల్లో పారిపోదు."

"మా నాన్న నా గోరింటాకుకు రెండు కోయించాడు."

"ఆ రెండూ ఎవరు తిన్నారో నాకు తెలుసు. మీ మేనమామలు. నాకు ఎముక కూడా దక్కలేదు."

అప్పుడు నవ్వారు. నవ్వితే ఒప్పుకున్నట్టే.

తామో అక్కకు కూడా చెప్పాను. గోరింటాకు ఒక్క గిన్నెలోనే. పొడి మీది, గులాబీ నీళ్ళు మావి, కలిపే చేతులు పెళ్ళికొడుకు తల్లివి. "మరి నేనేం చెయ్యను?" అని మూతి ముడిచింది. "నువ్వు కర్టెన్లు చూసుకో" అన్నాను.

ఇంకొక్క చిక్కు ఉంది, దానికే నిద్ర పట్టడం లేదు. నా పెద్ద గిన్నెలన్నీ మాంసం వండినవి. కుస్కుస్ గిన్నె మరీను. వాటిలో పాలవంట వండకూడదు. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ మాంసం గిన్నెలు పెద్దవి, పాల గిన్నెలు పిల్లలవి. వీధంతా అడిగి చూశాను. దొరికినవాటితో ఒక్కొక్క అతిథికి విడిగా వండుకోవాలి. దీనికి దారి దొరక్కపోతే మళ్ళీ గొర్రే దిక్కు. వెంటనే రాయండి.

హనీనా

•

23 మే

హనీనా వదినా,

గారు తిరిగి పెట్టడం లేదు.

మాకు యెమెన్‌లో ఆ పండుగకు పాలవంటలు అన్న నియమం లేదు. ధర్మశాస్త్రం ఇచ్చిన రోజు, ఉన్నది తిన్నాం. కానీ మీకు ఉంది కదా, మీది అప్పు తీసుకుంటాను.

గిన్నెల గురించి నిద్ర మానుకున్నావా? ఆవులున్న ఊరు మాది. ఇక్కడ పెద్దవన్నీ పాల గిన్నెలే. మాంసం వారానికోసారి సబ్బాతుకే, చిన్న గిన్నెలో. మా వీధి ఆడవాళ్ళు ఎనిమిది మంది గిన్నెలు ఇచ్చారు. అడుగున పేర్లు సుద్దతో రాశారు. నేను రాయించాను. నాకు చదవడం వచ్చు గదా.

పండుగ వెళ్ళాక సోమవారం పొద్దున్నే జఖర్యా పాలబండిలో వస్తాను. రొట్టె మీ ఇంట్లోనే కలిపి మీ పొయ్యి మీదే కాలుస్తాను. రోజంతా కాలాలి. మధ్యలో మూత తీస్తే ఊరుకోను, తామోకి ముందే చెప్పు.

నీ కుండ నేను వచ్చేదాకా తెరవకు. తెరిచేటప్పుడు బాల్కనీలో తెరుద్దాం. గాలి ఎటు వీస్తుందో చూసుకుని.

ఆవును పక్కింటి నఆమీకి అప్పగించాను. ఆమె పితికితే తంతుంది. తన్ననీ.

బద్రా

•

కిర్యత్ గాత్,
6 జూన్

వదినా,

నువ్వు వెళ్ళాక జరిగినవి నీకు ఎవరు చెబుతారు? జఖర్యాను అడిగితే ఏం చెబుతాడో మనకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

కుండ తెరవగానే బాల్కనీలో నుంచి మగవాళ్ళంతా లోపలికి పరుగెత్తడం నువ్వు చూశావు. కింద వీధిలో ఏమైందో చూడలేదు. కూరగాయల బండి అతను గుర్రాన్ని అదిలించి మలుపు తిరిగిపోయాడట. నువ్వు మాత్రం వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది పండింది" అన్నావు. ఆ మాట మా అమ్మ వినలేదు. నేను విన్నాను.

మఖ్లూఫ్ కుస్కుస్ మూడుసార్లు పెట్టించుకున్నారు. ఆఖర్న రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తూ "గొర్రె ఏదీ అని ఎవరైనా అడిగారా?" అన్నారు. ఎవరూ అడగలేదన్నాను. "నేను కూడా మరిచిపోయాను" అన్నారు.

తామో అక్క సంగతి రాస్తే నమ్మవు. అందరూ వెళ్ళాక వంటింటి తలుపు వెనక దొరికింది. నీ కుబానె గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అడుగున మాడిన పొర చెంచాతో గీకుతోంది. "వాసన కర్టెన్లకు పట్టిందా అక్కా?" అన్నాను. "కర్టెన్లు ఉతుక్కోవచ్చు, ఇది చల్లారితే పాడవుతుంది" అంది. మొన్న మెంతులు కొనుక్కుంది.

ఒర్ణా చేతులు బాగా పండాయి. పెళ్ళిదాకా ఎర్రగా ఉంటాయి. ఒక్కటి అడగాలని ఉంది. గోరింటాకు అందరికీ పెట్టాక గిన్నె అడుగున మిగిలింది ఊడ్చి నేను నీ చేతులు పట్టుకుంటే, "నేను పెళ్ళికొడుకు తల్లిని, పెళ్ళికూతురిని కాదు" అని వెనక్కి లాక్కున్నావు. ఒర్ణా వచ్చి నీ ఎదుట నేల మీద కూర్చుని, "అత్తయ్యా, మీ చేతులు ఇలా తెండి" అంటే ఇచ్చావు. గుడ్డ కట్టి బండి ఎక్కించాం. తరువాత ఏమైంది? పండాయా లేదా?

గిన్నెలన్నీ తోమి పంపాను. అడుగున సుద్దపేర్లు చెరగకుండా తోమాను.

నీ
హనీనా

•

10 జూన్

హనీనా వదినా,

పండాయి.

ఇంటికి వచ్చాక గుడ్డ విప్పితే సాలెమ్ చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమంటాడో అనుకున్నాను. "పెళ్ళెప్పుడు?" అన్నాడు. చీపురు విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు.

పొద్దున్నా సాయంత్రం పాలు పితుకుతున్నాను, రంగు దిగడం లేదు. ఆవు మొదటిరోజు నా చేతుల కేసి చూసి పక్కకు జరిగింది. ఇప్పుడు అలవాటు పడింది. కోళ్ళ దగ్గర ఒక్కదాన్నే ఉన్నప్పుడు అరచేతులు తెరిచి చూసుకుంటున్నాను. మా అమ్మ చూసినట్టే.

పెళ్ళికి మఖ్లూఫ్ అన్నయ్యగారి గొర్రె ఉంటుంది కాబట్టి రొట్టెలో నెయ్యి వెయ్యను. నూనె వేస్తాను. బేకరీల్లో వేసే ఆ రెండోదాని మాట మళ్ళీ ఎత్తకు.

నీ దగ్గర ఒకటి అడగాలి. నువ్వు అన్నీ కొలిచి రాసి పెట్టుకుంటావు. కుండెడు వెన్నకు మీ అమ్మ ఎంత ఉప్పు వేసేది? మైనం లోపల పొయ్యాలా, మూత పైన పొయ్యాలా? నిన్న సంతలో ఒక కుండ కొన్నాను. ఇంకా ఖాళీగానే ఉంది. పిల్లలకు చెప్పకు, సిగ్గుపడతారు. పెళ్ళి కూడా కాలేదు, నాకు తెలుసు. కానీ ఆవు ఇప్పుడే బాగా పాలిస్తోంది, ఈ మీగడ మళ్ళీ రాదు.

ఆడపిల్ల పుట్టకపోతే ఎలా అని సాలెమ్ అడిగాడు. ఆగుతుందన్నాను. వెన్నకు ఓపిక ఎక్కువ.

నీ
బద్రా